ఏడాది పాటు మందుల ట్రయల్‌లో ఉన్నాను: ఒక షుగరు పేషెంటు రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఆసుపత్రి పేరు రాయను, డాక్టరు పేరు రాయను, మందు కంపెనీ పేరు అసలే రాయను. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అనుకోండి చాలు. పేరు రాస్తే అది నాకూ వాళ్లకీ మధ్య గొడవైపోతుంది, నేను చెప్పాలనుకున్నది ట్రయల్ అనే వ్యవహారం గురించి. బిర్యానీకి రాస్తాం, మిక్సీకి రాస్తాం, ఏడాది పాటు నా ఒంటి మీద నడిచినదానికి రాయకపోతే ఎలాగని కూర్చున్నాను.

నాకు 53 ఏళ్లు. ఇల్లు ఆమదాలవలస, పని శ్రీకాకుళంలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు రాయడం. షుగరు వచ్చి పదకొండేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్, వీటితో బండి లాగిస్తున్నాను. ఒకసారి పరీక్షలు చేయిస్తే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను పోతోందని, అంటే కిడ్నీ దెబ్బతింటోందని వచ్చింది. వేరే ఇళ్లలో అయితే డాక్టరు ఇంకో బిళ్ల రాస్తాడు, మెడికల్ షాపుకి వెళ్తారు, అంతటితో సరి. మా ఇంట్లో అలా కుదరదు, ఎందుకంటే మా ఆవిడ పుట్టిల్లు కవిటి. అంటే ఉద్దానం. మా మామగారు డయాలసిస్ మీద నాలుగేళ్లు బతికి పోయారు. అక్కడ ఇద్దరు కలిస్తే "భోంచేశారా" అన్నట్టు "క్రియాటినిన్ ఎంతుంది" అని, అదే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె, అడుగుతారు. షుగరు లేక, బీపీ లేక, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో చెమటోడ్చి పని చేసుకునే మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అలాంటి చోట నుంచి వచ్చిన మనిషికి నా రిపోర్టు చూపిస్తే ఏమవుతుంది? రెండు పూటలు అన్నం ముట్టలేదు.

డాక్టరు గారు డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు. ఇది షుగరుని మూత్రంలోంచి బయటికి పంపే బిళ్ల, కిడ్నీకి కూడా కాపు కాస్తుంది. ఆ తర్వాత నెల మళ్లీ వెళ్తే, దానిపైన ఇంకో కొత్త మందు కలిపి ఇస్తే ఇంకా మేలు ఉంటుందా అని ఒక స్టడీ నడుస్తోంది, మీరు సరిపోతారేమో చూద్దామా అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అత్తగారు "ఏటి బాబూ, ఎలకల మీద సేసినట్టు నీ మీద సేత్తారేటి?" అన్నారు. ఆవిడని తప్పు పట్టలేను. ఉద్దానానికి ఎన్ని బృందాలు వచ్చాయో, ఎంత రక్తం, ఎన్ని సీసాల బావి నీళ్లు పట్టుకుపోయారో ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. "అట్టుకెల్లినోళ్లు మళ్లీ మా గుమ్మం తొక్కనేదు" అన్నది ఆవిడ బాధ. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచాక కొంత మారింది గానీ, ఆ అపనమ్మకం ఒక బిల్డింగుతో పోయేది కాదు. మా బామ్మర్ది ఇంకోటి అందుకున్నాడు. 2009లో భద్రాచలం వైపు ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేసిన ప్రాజెక్టు గుర్తుందా బావా అన్నాడు. గుర్తుంది. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో ఆపేశారు. ఆ చావులకి టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు, కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారని మాత్రం బయటపడింది. టీకా మంచిదే. ఇంట్లోవాళ్లని అడక్కుండా వేయడమే పాడు పని. నేనైతే ఆ మాట విన్నాక ఒకటి గట్టిగా అనుకున్నాను, నా సంతకం నేనే చదివి పెడతాను, చదవకుండా చచ్చినా పెట్టను అని.

చదవడం అన్నానా, ఇక్కడే మొదటి మార్కులు కట్. ఒప్పంద పత్రం తెలుగులోనే ఇచ్చారు, 22 పేజీలు, కానీ అది తెలుగు కాదు. "యాదృచ్ఛికీకరణ", "ప్రతికూల సంఘటన", "అంధీకృత అధ్యయనం" ఇవీ మాటలు. అంధీకృత ఏమిటి, కళ్లు పోతాయా అని మా ఆవిడ అడిగింది, నవ్వకండి, నిజంగా అడిగింది. ఎవరికి అసలు మందు వెళ్తోందో, ఎవరికి డమ్మీ బిళ్ల వెళ్తోందో పేషెంటుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, కంప్యూటరు చీటీ తీసినట్టు నంబర్లు పంచుతుంది, ఇంతే కదా విషయం. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఫారం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చు అన్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. మూడు రోజులు ఉంచుకుని, 14 ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. ట్రయల్ పనులన్నీ చూసే కోఆర్డినేటర్ అమ్మాయి ఒక్కదానికీ విసుక్కోలేదు. డమ్మీ ఇస్తే నా కిడ్నీ గతేంటి అన్నది నా మొదటి ప్రశ్న. "సార్, మీ పాత మందులు ఏవీ ఆపం. అవి అందరికీ ఉంటాయి. వాటి పైన మీకు కొత్త మందు పడుతుందో, డమ్మీ పడుతుందో, అంతే తేడా" అంది. సంతకం చేసిన కాపీ ఒకటి నాకూ ఇచ్చారు. అది మన హక్కు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, తర్వాత నాకు ఎంత పనికొచ్చిందో కింద చెప్తాను.

నా పక్క కుర్చీలో నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. చదువు రాదు. ఆవిడకి ఆసుపత్రికి సంబంధం లేని ఒక మనిషిని సాక్షిగా కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించి, వీడియో తీస్తూ వేలిముద్ర వేయించారు. మధ్యలో ఆవిడ "నాను మానీమంటే మానీయొచ్చా?" అని అడిగింది. ఎప్పుడైనా మానేయొచ్చమ్మా, మానేసినా ఇక్కడ వైద్యం ఆగదు అన్నారు. 22 పేజీల్లో ఉన్న అసలు సంగతిని ఆవిడ ఒక్క ముక్కలో రాబట్టింది.

తర్వాత స్క్రీనింగు. ఎనిమిది సీసాల రక్తం, మూత్రం, ఈసీజీ. మూణ్ణెల్ల షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, నాకు 8.1 ఉంది. దీని సంగతి నాకు అక్కడే అర్థమైంది. ఎర్ర రక్త కణం బతికేది దాదాపు 120 రోజులు, అన్నాళ్లూ దానికి ఎంత తీపి అంటుకుందో చూస్తారట. వేలు గుచ్చి చూసేది ఆ పూట గల్లాపెట్టెలో ఉన్న డబ్బు, ఇది మూణ్ణెల్ల పద్దు. పరీక్షకి ముందు రోజు ఉపవాసం ఉండి డాక్టర్ని మోసం చేసే మా షాపు ఓనరు లాంటి వాళ్లు ఇది గమనించాలి.

నాతో పాటు స్క్రీనింగుకి వచ్చిన ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు గారిని తీసుకోలేదు. కిడ్నీ పనితనం వాళ్లు గీసిన గీత కంటే కింద ఉందట. ఆ సంగతి ఆయనకి నడవాలో నిలబెట్టి చెప్పి పంపేశారు. సరిపోలేదు సరే, మరి ఆయన కిడ్నీ అంత తక్కువ ఉందని తెలిసినప్పుడు కూర్చోబెట్టి, ఇదిగో ఈ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇవి తినకండి అని చెప్పొద్దా? ఆయన బయట మెట్ల మీద రిపోర్టు పట్టుకుని కూర్చుంటే నాకు మా మామగారు గుర్తొచ్చారు. ఈ ఒక్క విషయానికి ఒక స్టారు పూర్తిగా తీసేస్తున్నాను.

ఇక విజిట్లు. ఏడాదిలో తొమ్మిది. పొద్దున్నే ఏమీ తినకుండా ఆరు గంటల బస్సెక్కి, ఏడుంబావుకి అక్కడుండాలి. రక్తం తీశాక ఉప్మా, కాఫీ ఇస్తారు. ఉప్మా బాగోదు, పంచదార లేని కాఫీ ఇంకా బాగోదు, కానీ ఆ టైములో ఏదిచ్చినా అమృతమే. రక్తం సీసాలు గిర్రున తిప్పే మెషీన్‌లో పెట్టి, పొగలు కక్కే డ్రై ఐస్ డబ్బాలో సర్దేసి కొరియర్ వాడికి ఇచ్చేస్తారు, ఎక్కడో దూరాన ఒకే ల్యాబులో అందరివీ చూస్తారు. ఒక్కో ల్యాబు ఒక్కో రకంగా చూపిస్తే లెక్క తేలదు కదా. రెండు విజిట్లకి మాత్రం 24 గంటల మూత్రం పట్టి క్యానుతో తీసుకురమ్మన్నారు. మా షాపు సంచిలో పెట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనాయన చేత్తో తట్టి "ఏటి గురువుగారూ, నెయ్యా?" అన్నాడు. ఔనని తలూపి కిటికీ వైపు తిరిగిపోయాను.

నాకు అన్నిటికంటే నచ్చింది బిళ్లల లెక్క. ఇది చదివితే మీకు నవ్వొస్తుందేమో, నాకు మాత్రం ముప్పయ్యేళ్ల గుమస్తాగిరీలో ఇంత ముచ్చటైన పని ఇంకెక్కడా కనబడలేదు. విజిటుకి వెళ్లినప్పుడల్లా పాత డబ్బా తిరిగి ఇవ్వాలి, మిగిలిన బిళ్లలతో సహా. ఆ అమ్మాయి గ్లవుజులు వేసుకుని, ఒక నీలం పళ్లెంలో బిళ్లలు పోసి, చిన్న గరిటె లాంటి దాంతో ఐదేసి చొప్పున పక్కకి జరుపుతుంది. ఇచ్చినవి ఎన్ని, గడిచిన రోజులెన్ని, మిగలాల్సినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. నాలుగో విజిట్లో రెండు తక్కువ వచ్చాయి. ఎక్కువ వేసేసుకున్నారా సార్ అంది. లేదమ్మా అన్నాను. మరి ఏమయ్యాయి? ఇంట్లో ఒకసారి డబ్బా బోర్లా పడింది, మంచం కింద వెతికాం, దొరికినవి దొరికాయి అని చెప్పాను. అదే మాట రాసుకుంది. మొదట పొరపాటున మూడు అని రాసింది, అప్పుడు నేను గమనించాను, వైట్‌నర్ పూయలేదు, గీకలేదు, ఒక్క అడ్డగీత, కింద అంకె కనబడేటట్టు, పక్కన రెండు, ఆ పక్కన తన పొట్టి సంతకం, తేదీ. తప్పు కూడా కనబడాలట, అదీ వాళ్ల పద్ధతి. మా షాపులో కుర్రాళ్లకి పదేళ్లుగా ఇదే చెప్తున్నాను, ఒక్కడూ వినడు. ఆ రోజు ఆ అమ్మాయికి మనసులోనే ఐదు స్టార్లు ఇచ్చేశాను.

కానీ ఇక్కడే ఒక విషయం తెలుసుకోవాలి. వాళ్లు మన మీద పెట్టే ఈ శ్రద్ధంతా చూసి, ఇదేదో మంచి వైద్యం అనుకుంటాం. నేనూ మూడు నెలలు అలాగే మురిసిపోయాను. ఇది వైద్యం కాదు, పద్దు. ఆ మందు పనిచేస్తుందో లేదో తెలియదు కాబట్టే కదా ట్రయల్ పెట్టారు, తెలిసుంటే మెడికల్ షాపులోనే దొరికేది. మన ఒంటి కోసం మందు మార్చరు, పద్దు కోసం మనల్ని అదే మందు మీద ఉంచుతారు, ప్రమాదం వస్తే తప్ప. ఫ్రీగా పరీక్షలూ, మంచి డాక్టరూ దొరుకుతారని చేరితే తర్వాత బాధపడతారు.

మరెందుకు చేరావయ్యా అంటే, నేను వేసుకుంటున్న డాపాగ్లిఫ్లోజిన్ సంగతి చెప్పారు గనక. 2020లో దాని ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 21 దేశాల్లో 4,304 మంది కిడ్నీ జబ్బువాళ్లు, సగం మందికి మందు, సగం మందికి డమ్మీ, రెండేళ్లు పైగా చూశారు. కిడ్నీ పనితనం సగానికి పడిపోవడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, ఇవన్నీ కలిపి డమ్మీ వాళ్లలో 312 మందికి జరిగితే మందు వాళ్లలో 197 మందికే జరిగాయి. మేలు అంత స్పష్టంగా ఉండటంతో అనుకున్న గడువు కంటే ముందే ఆపేశారు. పైగా అందులో మూడో వంతు మందికి షుగరే లేదు, వాళ్లకీ మేలు జరిగింది. 312 ఎక్కడ, 197 ఎక్కడ! ఆ 115 మంది తేడా చూశాక, ఆ 4,304 మందిలో ఎవరో నాలాంటి వాడు పొద్దున్నే బస్సెక్కి ఉప్మా తిన్నాడు కాబట్టే ఇవాళ నా జేబులో ఈ బిళ్ల ఉంది అనిపించింది. దీని తోబుట్టువు లాంటి ఎంపాగ్లిఫ్లోజిన్‌కి 2025 మార్చిలో పేటెంటు అయిపోయాక, 60 రూపాయల దగ్గరున్న బిళ్ల కొన్ని కంపెనీలవి పది రూపాయల లోపుకే రావడం మొదలైంది. మా అత్తగారికి ఇదంతా చెప్తే "అలాగైతే ఎల్లు" అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు.

ఇక అసలు గొడవ. మే నెలలో టెక్కలిలో పెళ్లికి వెళ్లాను. ఎండ, పెళ్లి భోజనం, ఏది పడలేదో గానీ రాత్రి పదకొండింటికి వాంతులు, విరేచనాలు. అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చి సెలైన్ ఎక్కించారు. పర్సులో ట్రయల్ వాళ్లిచ్చిన కార్డు ఉంటే మా ఆవిడ ఆ నంబరుకి చేసింది. రెండో రింగుకే ఎత్తారు, రాత్రి పదకొండున్నరకి! ట్రయల్ బిళ్లా, డాపాగ్లిఫ్లోజినూ రెండూ ఆపండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ వేసుకోకూడదు అని చెప్పి, అక్కడి డ్యూటీ డాక్టరుతో కూడా మాట్లాడారు. దీనికి దండం పెట్టాలి.

నేను ఒక్క రాత్రి ఉండి వచ్చేశాను. కానీ ట్రయల్‌లో ఉన్న మనిషి ఒంట్లో బాగోక ఆసుపత్రిలో చేరితే అది సీరియస్ అడ్వర్స్ ఈవెంట్, అంటే ఫారంలో రాసిన ఆ "ప్రతికూల సంఘటన"ల్లో తీవ్రమైనది, అవుతుందట, 24 గంటల్లోగా ఢిల్లీలో డ్రగ్స్ కంట్రోలర్‌కీ, కంపెనీకీ, ట్రయల్‌లో చేరినవాళ్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీకీ రిపోర్టు పంపాలట. టెక్కలి పెళ్లిలో నా వాంతులు ఢిల్లీ దాకా వెళ్లాయన్నమాట. పంపడం చకచకా పంపారు. బిల్లు 9,850 రూపాయలు మాత్రం కదల్లేదు. ఇది మా మందు వల్ల వచ్చింది కాదు కదండీ, పెళ్లి భోజనం వల్ల కదా అన్నారు. ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు అన్నాను. జవాబు లేదు. అప్పుడు పనికొచ్చింది నా ఫారం కాపీ. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం, ఇబ్బంది మందు వల్ల కాదని తేలేదాకా వైద్యం ఖర్చు మనది కాదు, ఆ మాట 17వ పేజీలో అచ్చేసి ఉంది. ఆ పేజీకి జెరాక్స్ తీసి, కింద గీత గీసి ఇచ్చాను. అయినా రెండు నెలలు ఇవాళ రేపు అంటూ తిప్పారు.

చివరికి ఫారం ఆఖరి పేజీలో ఎథిక్స్ కమిటీ నంబరు ఉంటే దానికి చేశాను. ఈ కమిటీ అంటే ఆసుపత్రి డాక్టర్లే అనుకునేవాణ్ణి. కాదట, కనీసం ఏడుగురు ఉండాలి, అందులో సగం మంది ఆసుపత్రికి బయటివాళ్లు, ఒక లాయరు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉండాలి. ఫోనెత్తిన ఆవిడ ఓపిగ్గా విని ఒక ఉత్తరం రాసివ్వమన్నారు. రాసిచ్చిన పన్నెండో రోజున డబ్బు బ్యాంకులో పడింది. చేరేవాళ్లు డాక్టరు నంబరు కంటే ముందు ఈ నంబరు ఫోనులో సేవ్ చేసుకోండి. అలాగే ప్రతి ట్రయల్‌కీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ఒక నంబరు ఉంటుంది, 2009 నుంచి అది తప్పనిసరి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నంబరు చెప్పలేని వాళ్ల దగ్గర చెయ్యి చాపి రక్తం ఇవ్వొద్దు.

మొత్తానికి ఏడాది అయింది. నా అల్బుమిన్ దాదాపు సగానికి తగ్గింది, హెచ్‌బీఏ1సీ 7.2కి వచ్చింది. కొత్త మందు వల్లనా? డాపాగ్లిఫ్లోజిన్ వల్లనా? ఎలాగూ నీలం పళ్లెంలో లెక్క చూస్తారు అనే భయంతో వాళ్లు ఆపమన్నప్పుడు తప్ప ఒక్క పూట కూడా మానకుండా బిళ్లలు వేసుకోవడం వల్లనా, లేక మా ఆవిడ ఇంట్లో ఆవకాయ జాడీ తాళం వేసేయడం వల్లనా? నా ఒక్కడి లెక్కతో అది తేలదు, అందుకే కదా వేల మందిని పెట్టేది. నాకు పడింది మందా డమ్మీయా అని ఆఖరి రోజు అడిగాను. అన్ని దేశాల్లో పూర్తయ్యాక గానీ తాళం తీయరు సార్, మాకూ తెలీదు అంది ఆ అమ్మాయి. ఇది ముందే చెప్పారు గానీ, ఏడాది అయ్యాక ఖాళీ చేతుల్తో మెట్లు దిగుతుంటే మాత్రం మనసు ఊరుకోదు. కనీసం నా పరీక్షల కాగితాలన్నీ ఒక ఫైలుగా ఇవ్వమంటే, మూడుసార్లు అడిగాక సగం ఇచ్చారు. ఇంకో స్టారు నుంచి సగం తగ్గించాను.

ఐదుకి మూడున్నర. ఆ మూడున్నరలో రెండు ఆ కోఆర్డినేటర్ అమ్మాయివే. ఇంత చేశాక ఆ అమ్మాయి జీతం ఎంతో అడగలేదు, అడగాలనిపించింది.

ఆఖరి రెండు విజిట్ల దారి ఖర్చు, విజిటుకి 600 చొప్పున 1,200 రూపాయలు, ఇంకా నాకు రావాలి. పోయిన వారం అడిగితే ఫైనాన్స్‌కి పంపాం అన్నారు. పడితే దీని కిందే రాస్తాను.